ధ్రువీకృత ఉష్ణాభిలాషి

గట్ల శాఖ అనేది ఒకటి ప్రభుత్వంలో ఉందన్న సంగతి అందులో జీతం తీసుకునేవాళ్లకూ, గట్టు తెగినప్పుడు ఆ ఊరి రైతులకూ తప్ప మూడోవాడికి తెలియదు. చెరువు గట్లు, కాలవ గట్లు ఎక్కడ ఎలా ఉన్నాయో చూసి, తెగితే తెగిందని పైకి తెలియజేయడం ఆ శాఖ విధి. పూడ్చడం దాని విధి కాదు, అది వేరే శాఖ పని. ఆ వేరే శాఖ ఏదన్నది గట్ల శాఖలో ఎవరికీ కచ్చితంగా తెలియదు.

కొండ్రపాడు జిల్లా కార్యాలయంలో పానకాలరావు సీనియర్ అసిస్టెంటు. నెమ్మదైన మనిషి. చేయమన్న పని చేసేవాడు, చేయమనని పని కూడా చేసేవాడు, అందుకే పైకి రాలేదు. భార్య శేషుకుమారి ఎక్కడో సీతంపుట్టు కొండల మీద ప్రభుత్వాసుపత్రిలో నర్సు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ కొండ మీద, ఇతను మైదానంలో. నెలకోసారి బస్సులు మారి మారి వెళ్లి, ఆవిడ చేతి కూర రెండు పూటలు తిని, వెనక్కి బస్సెక్కేవాడు. సీతంపుట్టులోనూ గట్ల శాఖకు చిన్న కార్యాలయం ఉంది. అక్కడికి బదిలీ చేయమని ఏటా అడిగేవాడు. శాఖ మొత్తంలో ఆ కొండ మీదికి పోతానని అడిగినవాడు ఇతనొక్కడే కావడంతో పైవాళ్లకు అనుమానం పట్టుకుంది. ఎవరికీ అక్కర్లేని చోటు ఇతనికెందుకు? అక్కడేదో దొరుకుతూ ఉండాలి! అలా అనుకుని ఏటా పక్కన పెట్టేవారు.

ఇలా ఉండగా కమిషనరు చక్రధరబాబుగారు సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటల్లో జరిగిన సదస్సుకు వెళ్లారు. పనిచేసే చోట ఉష్ణ సౌఖ్యం ఎలా ఉండాలన్నది అక్కడి చర్చ. హోటల్లో ఏసీ మరీ ఎక్కువై కమిషనరుగారికి జలుబు చేసింది. పక్క కుర్చీలో ఉన్న పొరుగు రాష్ట్రపు అధికారి మాత్రం చొక్కా పై గుండీ విప్పుకుని హాయిగా నిద్రపోతున్నాడు. అది చూస్తూ తుమ్ముతుండగా, మనుషులు పుట్టుకతోనే రెండు రకాలన్న సత్యం కమిషనరుగారికి తట్టింది. తిరిగొచ్చిన వారంలోనే ఉత్తర్వు వెలువడింది.

"మానవ వనరుల వాతావరణ అభిరుచులను నిర్లక్ష్యం చేయడం వల్లనే శాఖాపరమైన ఉత్పాదకత ఆశించిన స్థాయిలో లేదని ప్రభుత్వం గమనించింది. కావున ప్రజాప్రయోజనాల దృష్ట్యా ఉద్యోగులందరూ తాము ఉష్ణాభిలాషులో, శీతాభిలాషులో త్రిసభ్య సంఘం ఎదుట ప్రకటించవలసి ఉంటుంది. తదనుగుణంగా సౌకర్యాలు కల్పించబడును."

కొండ్రపాడులో త్రిసభ్య సంఘానికి జిల్లా అధికారి దివాకరంగారు అధ్యక్షుడు. ఉద్యోగ సంఘం నాయకుడు వీరాంజనేయులు ఒక సభ్యుడు. మూడో సభ్యుడు లెక్కల అధికారి, అధ్యక్షుడు ఏమన్నా తల ఊపడం ఆయన వంతు.

సౌకర్యాలు అన్న మాటకు అర్థం ఏసీ అని వీరాంజనేయులు ముందే ఊదేశాడు. దాంతో అటెండరు మొదలుకుని సూపరింటెండెంటు దాకా అందరూ వరసగా వచ్చి తమకు చలంటే ప్రాణమని చెప్పి వెళ్లారు. ఒకాయనైతే తన వంశంలో ఏడు తరాలుగా ఎవరూ దుప్పటి కప్పుకుని ఎరగరని చెప్పాడు. అప్పటికి ఆయన మెడలో మఫ్లర్ ఉంది.

పానకాలరావు వంతు వచ్చింది.

"చెప్పవయ్యా. ఎండా, చలా?" అన్నారు దివాకరంగారు.

పానకాలరావు అబద్ధం చెప్పాలని అనుకోలేదు, నిజం చెప్పాలనీ అనుకోలేదు. అడిగారు కాబట్టి నోటికొచ్చింది చెప్పాడు. "ఎండాకాలం కాస్త చల్లగా, చలికాలం కాస్త ఎచ్చగా ఉంటే బాగుంటదండీ."

లెక్కల అధికారి తల ఊపబోయి, అధ్యక్షుడి వంక చూసి ఆగాడు.

"అదేందయ్యా! రెండు పడవల మీద కాళ్లా?" అన్నాడు వీరాంజనేయులు.

"ఎవరికైనా అంతే కదండీ?"

"అదే లోపం," అన్నారు దివాకరంగారు విచారంగా. "అందరికీ ఉండేదాన్ని అభిరుచి అనరు, పానకాలరావూ. వ్యక్తిగతంగా నీకంటూ ఉన్నదేంటో ప్రభుత్వం అడుగుతోంది. నువ్వేమో మానవజాతి అభిప్రాయం చెబుతున్నావు. దానికి నీకు అధికారం లేదు."

లెక్కల అధికారి తల ఊపాడు. పానకాలరావును అనిశ్చితుడిగా నిర్ణయించారు. రెండు వర్గాల్లో దేనికీ చెందడు కాబట్టి వర్గానికొకటిగా కేటాయించిన రెండు గదుల్లో దేనిలోనూ కూర్చోరాదని, వసారాలో బల్ల వేయించారు.

ఏసీ వచ్చింది. ఒక్కటే వచ్చింది. కార్యాలయం మొత్తం కుర్చీలతో సహా ఆ ఒక్క గదిలోకి దూరింది. ఫైళ్లకు చోటు చాలక వాటిని ఖాళీ అయిన గదుల్లోనే వదిలేశారు. ఒకరి మోచెయ్యి ఇంకొకరి డొక్కలో గుచ్చుకుంటుండగా, అంతమంది ఊపిరికి ఏసీ చేతులెత్తేసి వెచ్చటి గాలి వదలసాగింది. అయినా ఎవరూ బయటికి రాలేదు. బయటికొస్తే ఎండంటే ఇష్టమని రాసేస్తారేమోనన్న భయం.

ఏప్రిల్లో ప్రజలకూ ఈ సౌకర్యాన్ని విస్తరించారు. అర్జీ ఇచ్చేవాళ్లు కూడా ముందు తమ అభిలాష చెప్పాలి. ఉష్ణాభిలాషులకు ఒక కిటికీ, శీతాభిలాషులకు ఒక కిటికీ. ఉల్లిగడ్డలపాలెం నుంచి బుల్లెమ్మ అనే ముసలి రైతు చెరువు గట్టు కుంగిందని చెప్పడానికి మిట్టమధ్యాహ్నం వచ్చింది. గుమ్మంలో గుమాస్తా ఆమెను ఆపాడు.

"నీకు ఎండ ఇష్టమా, చలి ఇష్టమా?"

"నాకేది ఇష్టమైతే అది కాత్తదా నాయనా?" అంది బుల్లెమ్మ. "అట్టయితే వాన కురవమను. కానీ గట్టు బాగుజేసినాక కురవమను."

"వాన మా పరిధిలో లేదమ్మా. రెండిట్లో ఒకటి చెప్పు."

"ఎండన పడొచ్చినా గదయ్యా, ఎండే రాసుకో."

ఉష్ణాభిలాషుల కిటికీ వెనక కుర్చీ ఖాళీ. కార్యాలయంలో ఉష్ణాభిలాషి అంటూ ఒక్కడు లేడు కదా! శీతాభిలాషి ఆ అర్జీని ముట్టుకుంటే నిబంధనకు విరుద్ధం. చివరికి వసారాలో ఉన్న పానకాలరావు పిలిచి నీళ్లిచ్చి, ఆమె చెప్పింది విని, స్వయంగా పోయి గట్టు చూసొచ్చి, వానలకు నిలవదని పైకి తెలియజేశాడు. అనిశ్చితుడు చూసిన గట్టు కుంగిందో లేదో కూడా అనిశ్చితమే అవుతుందని పైనుంచి జవాబు వచ్చింది. ఆ జవాబు చదువుకుని పానకాలరావుకు మొదటిసారి ఒళ్లు మండింది. అయినా మర్నాడు మళ్లీ వసారాలో కూర్చున్నాడు. జిల్లాలో అర్జీలన్నీ అతని దగ్గరికే చేరుతున్నాయి.

మేలో రెండో ఉత్తర్వు పిడుగులా పడింది. ఈ ఏటి బదిలీలన్నీ అభిలాషను బట్టే జరుగుతాయి. శీతాభిలాషులను కొండ ప్రాంతాలకు, ఉష్ణాభిలాషులను మైదానాలకు పంపి, వారి చిరకాల వాంఛను ప్రభుత్వం నెరవేరుస్తుంది. మొదటి విడతలో, ఉన్న ఒక్కడూ రిటైరై ఖాళీ అయిన సీతంపుట్టు.

సీతంపుట్టు పేరు వినగానే ఏసీ గదిలో నిజంగానే చలి పుట్టింది. అక్కడ పిల్లలకు ఇంగ్లీషు బడి లేదు, సొంతిల్లు కట్టుకునే స్థలం లేదు, పై రాబడి అసలే లేదు. మర్నాడు పొద్దునకల్లా కార్యాలయం మతం మార్చుకుంది. మే నెల ఎండలో అందరూ స్వెట్టర్లు వేసుకుని వచ్చారు. చెట్టు నీడన నిలబడిన సూపరింటెండెంటును ఎవరో చూస్తున్నారని తెలిసి, ఆయన గబగబా నడిచి ఎండలోకి వచ్చి చేతులు చాచి నిలబడ్డాడు. మజ్జిగ అమ్ముకునే సాయిబు రెండు రోజులు బోణీ లేక మూడో రోజు పొగలు కక్కే టీ తెచ్చుకున్నాడు. "ఎండ మా జన్మహక్కు! చలి కుట్రలు సాగనివ్వం!" అని వీరాంజనేయులు భోజన విరామంలో ధర్నా చేయించాడు. అందులో ఇద్దరికి వాంతులయ్యాయి.

ప్రభుత్వం దయగలది. ముందు ప్రకటనలో పొరపాటు దొర్లినవాళ్లు సవరించుకోవచ్చని ఒక అవకాశం ఇచ్చింది. అందరూ సవరించుకున్నారు.

ఆ రోజు ఫోన్లో పానకాలరావు గొంతు పడుచువాడి గొంతులా ఉంది. "శేషూ, ఈసారి తప్పదు. చలంటే ఇష్టమని ఒక్క ముక్క చెబితే చాలంట. పోటీకి పురుగు కూడా లేదు."

"మీరు మళ్లీ ఎండాకాలం, చలికాలం అని సాగదీయకండి. చలి అని చెప్పి నోరు మూసుకోండి. ఈసారీ రాకపోతే నేనే ఉద్యోగం మానేసి వచ్చేస్తా. ఒక్కదాన్నీ ఎన్నాళ్లు తినను?" అంది శేషుకుమారి.

పానకాలరావు సంఘం ఎదుటికి వెళ్లి, చేతులు కట్టుకుని, "నాకు చలి ఇష్టమండీ" అన్నాడు.

"సంతోషం. కానీ ఇప్పుడు నడుస్తున్నది సవరణలు," అన్నారు దివాకరంగారు. "ఉన్న అభిరుచిని సవరించగలం. నీకు అసలు అభిరుచే లేదాయె. దేన్ని సవరించమంటావు?"

"ఇప్పుడు కొత్తగా చెబుతున్నా కదండీ!"

"కొత్తగా అంటే నిరూపణ కావాలి. అందరూ ఎండంటున్నప్పుడు ఒక్కడివే చలంటున్నావు. దీని వెనక ఏదన్నా స్వప్రయోజనం ఉందేమో విచారించాల్సిన బాధ్యత మా మీద ఉంది."

"స్వప్రయోజనమేనండీ. మా ఆవిడ అక్కడుంది."

దివాకరంగారి ముఖం ముడుచుకుంది. "చూశావా! అది భార్యాభిలాష. శీతాభిలాష కాదు. రెండూ కలపకు."

నిరూపణ కోసం ఊరి బయట మిర్చి నిలవ చేసే కోల్డ్ స్టోరేజీని ఎంచుకున్నారు. జిల్లాలో అంతకంటే చల్లని చోటు లేదు. ఇనప తలుపు తీసి పానకాలరావును మిర్చి బస్తాల మధ్య స్టూలు మీద కూర్చోబెట్టి, ముగ్గురు సభ్యులూ తలుపుకున్న చిన్న అద్దంలోంచి అతని ముఖంలో ఆనందం కోసం చూశారు.

మొదట అతనికి హాయిగానే ఉంది. సీతంపుట్టు పొగమంచు తలుచుకున్నాడు. ఆసుపత్రి మెట్లు దిగి వస్తున్న శేషును తలుచుకున్నాడు. నవ్వు కూడా వచ్చింది. అంతలో ఎక్కడో బస్తా చిరిగి ఘాటు లేచింది. ముక్కు మండింది, గొంతు పట్టేసింది. తుమ్ము మీద తుమ్ము. కళ్లమ్మట ధారగా నీళ్లు. తలుపు తీయండంటూ రెండు చేతులతో బాదాడు.

సంఘం నివేదికను దివాకరంగారు అక్కడికక్కడే చదివి వినిపించారు. "శీతల వాతావరణంలో ప్రవేశపెట్టిన కొద్దిసేపటికే అభ్యర్థి విలపించెను. బయటికి వచ్చుటకు తీవ్ర ఆతురత కనబరిచెను. బయటి ఎండ తగలగానే ఉపశమనం పొందెను. కావున ఇతడు నిస్సందేహంగా ఉష్ణాభిలాషి."

"అది మిర్చి ఘాటండీ!" అన్నాడు పానకాలరావు చొక్కా అంచుతో కళ్లు తుడుచుకుంటూ. "మీరూ లోపలికి రండి, మీకూ ఏడుపొస్తది!"

"మాకు ఎందుకు రావాలి? పరీక్ష నీకు," అన్నాడు వీరాంజనేయులు.

"మిర్చి సంగతి ఉత్తర్వులో లేదు," అన్నారు దివాకరంగారు. లెక్కల అధికారి తుమ్మి, తల ఊపాడు.

నివేదిక రాజధానికి చేరేసరికి దాని రంగు మారింది. రాష్ట్రంలో ఉష్ణాభిలాషులు వేలల్లో ఉన్నారు గానీ, అందరూ నోటిమాటతో అయినవాళ్లే. శాస్త్రీయ పరీక్షలో నెగ్గి ధ్రువీకరణ పొందినవాడు పానకాలరావు ఒక్కడే. విధానం విజయవంతమైందని చూపించడానికి కమిషనరుగారికి ఒక మనిషి కావలసి వచ్చాడు. కొండ్రపాడు బడి మైదానంలో ఘన సన్మానం ఏర్పాటైంది. సన్మానానికి మధ్యాహ్నం పన్నెండు గంటలు ముహూర్తం. ఎండను ప్రేమించేవాణ్ణి సాయంకాలం సన్మానించడం అవమానమని దివాకరంగారి సూచన.

అతిథులకు షామియానా వేశారు. పానకాలరావు కుర్చీ మాత్రం షామియానా దాటి ఎండలో వేశారు. శేషుకుమారి సెలవు పెట్టి కొండ దిగి వచ్చింది. ముందు వరసలో కూర్చుని, ఎర్రబడుతున్న మొగుడి ముఖాన్ని నర్సు కళ్లతో చూస్తోంది. ఒక్కొక్క కార్యాలయం తరఫున ఒక్కొక్కరు వచ్చి అతనికి శాలువా కప్పి, ఫోటో దిగి, పరుగున నీడలోకి వెళ్లిపోతున్నారు. కప్పిన శాలువా తీస్తే కప్పినవాడికి కోపం. అలా ఉన్ని శాలువాల కింద మనిషి కనబడకుండా పోయి ముక్కు ఒక్కటే మిగిలింది.

"మిత్రులారా!" అన్నారు చక్రధరబాబుగారు, వెనక కూలర్ హోరుతో పోటీ పడుతూ. "ఎండ అంటే మనకు బాధ. ఇతనికి భావోద్వేగం! ప్రతి ఉద్యోగీ తనకు నచ్చిన వాతావరణంలో, తనకు నచ్చిన చోట ఉండాలన్నది మా ఆశయం. పానకాలరావూ, ఈ శుభ సమయంలో ఏదన్నా కోరుకో!"

మైకు శాలువాల్లోకి దూర్చారు. లోపల్నుంచి బలహీనంగా వినపడింది. "సీతంపుట్టు... వేయించండి సార్..."

కమిషనరుగారు కదిలిపోయారు. "విన్నారా! ఇంతటి ఉష్ణాభిలాషి, ఎవరూ వెళ్లని కొండకు తాను వెళ్తానంటున్నాడు. ఎంత త్యాగం! కానీ ఈ ప్రభుత్వం ఉద్యోగుల త్యాగం మీద బతకదు. ఇతన్ని పదోన్నతి మీద రాతిగుంట పంపుతున్నాను. రేకుల కార్యాలయం. చుట్టూ క్వారీలు. చెట్టన్నది కనపడదు. అక్కడి ఎండ అంతా ఇతనిదే!"

చప్పట్లు మోగాయి. అవి ఆగకముందే పానకాలరావు కుర్చీలోంచి పక్కకు ఒరిగి, శాలువాల మూటలా కింద పడ్డాడు.

శేషుకుమారి ఒక్క ఉదుటున లేచింది. శాలువాలు లాగి అవతల పారేసింది. అతిథుల బల్ల మీద ఐసు ముక్కలు తేలుతున్న నీళ్ల జగ్గు అందుకుంది.

"అమ్మా, అమ్మా! ఆగండి!" దివాకరంగారు అడ్డం వచ్చారు. "చల్లటి నీళ్లు వద్దు. అందరి ముందు అతను వాటికి తేరుకుంటే ధ్రువీకరణ ఏమవుద్ది?"

"పక్కకి జరుగుతారా, ఇది మీ నెత్తిన కొట్టమంటారా?" అంది ఆవిడ.

దివాకరంగారు జరిగారు. నీళ్లు తల మీద, మెడ మీద, చంకల్లో పోసి, నలుగురి చేత షామియానా కిందికి మోయించి, కమిషనరుగారి కూలరును ఇటు తిప్పింది. కాసేపటికి పానకాలరావు కళ్లు తెరిచాడు.

"చాల్లెండి," అందావిడ అతని చెవి దగ్గర. "ఈళ్లకి మీరు చెప్పేది ఎక్కదు. మీకు నేను కావాలా, ఈ ఉద్యోగమా? అదొక్కటీ చెప్పండి, తికమక లేకుండా."

ఆ ప్రశ్నకు మాత్రం అతను తడుముకోలేదు.

జూన్లో మొదటి పెద్ద వానకే ఉల్లిగడ్డలపాలెం చెరువు గట్టు తెగింది. బుల్లెమ్మ నారుమడి ఇసకమేట అయింది. తెగిందని గట్ల శాఖ సకాలంలో పైకి తెలియజేసింది. అదే నెలలో విధానం ఫలితాలనూ ప్రకటించారు. రాష్ట్రంలో ప్రతి ఉద్యోగీ తాను కోరుకున్న చోటే ఉన్నాడు. ఎవరూ ఉన్నచోటు నుంచి కదలలేదు. దేశంలో ఇలాంటి విజయం ఇదే మొదటిదని చక్రధరబాబుగారికి ఒక పతకం వచ్చింది.

సీతంపుట్టు కార్యాలయానికి మాత్రం తాళం పడింది, దాని బాధ్యతను కొండ్రపాడుకు అప్పగించారు. శీతాభిలాషి ఒక్కడూ లేకపోవడంతో అక్కడ కాంట్రాక్టు మనిషిని పెట్టుకోవాలని నిర్ణయించారు. కాంట్రాక్టు మనుషుల అభిలాష కూడా తెలుసుకోవాలా అని దివాకరంగారు సందేహం వెలిబుచ్చారు. వివరణ వెంటనే వచ్చింది. కాంట్రాక్టు సిబ్బందికి ఎండ గానీ, చలి గానీ ఉండదు. వారికి వాటిని మంజూరు చేయడానికి బడ్జెట్టులో కేటాయింపు లేదు.

పానకాలరావు స్వచ్ఛంద పదవీ విరమణ చేసి, పాత జీతంలో మూడో వంతుకు ఆ కాంట్రాక్టులో చేరాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆధార్ కార్డు చూసి తాళంచెవి చేతిలో పెట్టారు. చలికి తట్టుకోలేక అతను మొదటి నెలంతా దగ్గుతూనే ఉన్నాడు. శేషుకుమారి మిరియాల కషాయం కాచి ఇస్తూ, ఇంత చలి ఇష్టపడేవాడు ఎవడైనా ఉంటే వాడికి పిచ్చని తేల్చింది. ఇద్దరూ పొయ్యి దగ్గర ఒకే కంచంలో తినేవారు.

డిసెంబరులో దివాకరంగారు తనిఖీకి వచ్చారు. రెండు స్వెట్టర్లు, కోటు, కోతిటోపీ. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. పలచటి చొక్కా మీద తువ్వాలు కప్పుకుని, బల్ల కింద చిన్న కుంపటి పెట్టుకుని, పానకాలరావు గట్ల వివరాలు రాసుకుంటున్నాడు.

"బాబోయ్, ఇదేం చలయ్యా! ఎట్టా ఉంటున్నావు? నీకు చలెయ్యదా?"

పానకాలరావు లేచి నిలబడ్డాడు. "నేను కాంట్రాక్టు కదండీ. మాకు ఎయ్యకూడదంట."

దివాకరంగారు ఒక్క క్షణం ఆలోచించారు. ఆ మాట నిజమే. వివరణ తెప్పించింది ఆయనే. సంతృప్తిగా తల పంకించి, కాలితో కుంపటిని తన వైపుకు జరుపుకున్నారు.